టీవీ సౌండు ఇల్లంతా రావాలంటే ముందు గదుల్ని రెండుగా విడదీయండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఫోటోలూ చూశాను. బెంగళూరు హొరమావులో 30×40 సైటులో డూప్లెక్స్. కింద హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు. ముందు సిటౌట్, పైన మీ నాన్నగారి గది, ఆ పైన టెర్రస్. అయిదు చోట్లా సీలింగ్ స్పీకర్లున్నాయి. వాటి వైర్లన్నీ మెట్ల కింద అలమరలోకి వచ్చాయి, అక్కడ ఒక్కో చోటుకీ ఒక వైఫై ఆంప్లిఫయర్ పెట్టారు. పాటలకి బ్రహ్మాండంగా ఉంది. టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 14 మీటర్ల వైరు లాగి ఒక ఆంప్ ఆక్స్‌లో, అంటే బయటి సౌండు తీసుకునే సాకెట్లో, గుచ్చగానే గొడవ మొదలైంది. హాల్లో మాటకీ పెదాలకీ పొంతన లేదు, వంటింట్లో అత్తగారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తోంది, అన్నిటి వెనకా బుర్రుమని ఒక మోత. ఏ పెట్టె కొంటే సర్దుకుంటుందని అడిగారు.

ఈ వారం ఏ పెట్టే కొనకండి. షాపులో అడిగితే ఇంతకన్నా ఖరీదైన వైఫై పెట్టె చూపిస్తారు. దాంతో మోత పోతుందేమో గానీ మిగతా రెండు గొడవలూ అలాగే ఉంటాయి.

నేను మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో 18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదట్లో ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒక షాపులో ఆంప్లిఫయర్లు రిపేరు చేసేవాణ్ణి, తర్వాత ఇళ్లకి స్పీకర్ వైరింగ్‌లోకి దిగాను. మీరు చేసిందే నేనూ ఒక ఇంట్లో చేశాను, డబ్బులు తీసుకుని మరీ. గృహప్రవేశం అయిన వారానికి క్రికెట్ మ్యాచ్ పెట్టుకున్నారు. హాల్లో బ్యాట్స్‌మన్ బంతిని కొట్టి, అది గాల్లోకి లేచాక 'టక్' మని శబ్దం వస్తోంది. ఆ ఇంటి పెద్దాయన నెల్లూరాయన, నోరు మంచిదే. "ఏం నాయనా, మా టీవీకి కూడా ట్రాఫిక్ జామా?" అన్నాడు. ఆ సిస్టమ్ మొత్తం విప్పి మళ్లీ కట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది, కూలి నాదే.

పాటకి కాలంతో పని లేదు. మీరు ప్లే నొక్కాక రెండు సెకన్లు ఆగి మొదలైనా ఎవరూ పట్టించుకోరు. వైఫైలో డేటా ఒకే తీరున రాదు, ఆగి ఆగి వస్తుంది. అందుకే ఈ ఆంప్‌లు కొంత సౌండుని ముందే దాచుకుని, గదులన్నిటికీ ఒకే గడియారం చూసి ఒకేసారి వదులుతాయి. అయిదు గదుల్లో పాట అంత చక్కగా కలిసి మోగేది ఆ దాచుకోవడం వల్లే. టీవీ సౌండుకి అదే శత్రువు. ఎంత దాచుకుంటాయంటారా? సోనోస్ కంపెనీ వైఫై పెట్టెల్లో లైన్-ఇన్ ద్వారా, అంటే బయటి నుంచి వైరుతో, వచ్చే సౌండుకి కనిష్ఠంగా 75 మిల్లీసెకన్లు. ఆపిల్ వాళ్ల వైఫై పద్ధతి ఎయిర్‌ప్లే 2లో సుమారు 2 సెకన్లు. సొంతంగా కట్టుకునేవాళ్లు వాడే స్నాప్‌క్యాస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 1000 మిల్లీసెకన్లు, అంటే నిండా ఒక సెకను. మన దగ్గర టీవీ ప్రసారం సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అన్నిటికంటే తక్కువైన ఆ 75 కూడా రెండు ఫ్రేములకి దగ్గర.

మనిషి చెవి ఎంతవరకు ఓర్చుకుంటుందో కొలిచి పెట్టారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం సౌండు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనం పట్టేస్తాం. వెనక వస్తే మాత్రం 125 దాకా పట్టుకోలేం. ఇది ఎందుకో చాకిరేవు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అవతలి గట్టున బట్ట బండ మీద పడ్డాక కాసేపటికి గానీ 'ధభ్' మని వినిపించదు. 100 మీటర్ల దూరానికి దాదాపు 0.3 సెకను తేడా. చప్పుడు వెనక రావడం మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటు, ముందు రావడం ప్రకృతిలోనే లేదు. అయితే ఆ 125ని చూసి 75 పర్వాలేదని సంబరపడకండి. డీటీహెచ్ బాక్సు దగ్గర కొంత, టీవీ దగ్గర కొంత తేడా ముందే ఉండొచ్చు. మీ 75 దాని నెత్తిన ఎక్కుతుంది.

"టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో డిలే ఉంది, దాంతో సరిచేయలేమా?" అని మీరడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఆ సెట్టింగ్ సౌండుని ఇంకా వెనక్కి నెట్టగలదు, ముందుకు లాగలేదు. రాని మాటని ముందే వినిపించడం ఎవరి తరమూ కాదు. సౌండు ఆలస్యమైతే బొమ్మని ఆపాలి. ఆపిల్ టీవీ లాంటి పెట్టె తను ఆడించే బొమ్మని ఆపి, ఎయిర్‌ప్లే స్పీకర్లతో జత కలుపుతుంది. మీ డీటీహెచ్ బాక్సు ఆ పని చేయదు. బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ ఆలోచన కూడా పక్కన పెట్టండి. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటడం మామూలే.

ఇప్పుడు వంటింటి సంగతి. అత్తగారికి రెండుసార్లు వినిపించడం ఆమె భ్రమ కాదు. శ్రీరామనవమి పందిట్లో వీధి ఆ చివర ఒక హారన్, ఈ చివర ఒక హారన్ కడితే మధ్యలో నిలబడ్డవాడికి మంత్రం రెండేసి సార్లు వినిపిస్తుంది చూడండి, అదే ఇది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, రెంటి మధ్యా తేడా సుమారు 30, 40 మిల్లీసెకన్ల లోపు ఉన్నంతవరకు చెవి రెంటినీ కలిపి ఒక్కటిగానే వింటుంది. హెల్మట్ హాస్ అనే జర్మన్ ఆయన 1949లో దీని మీదే థీసిస్ రాశాడు. మాటల్లో ఆ తేడా 50 దాటితే రెండోది ప్రతిధ్వనిగా విడిపోతుంది. మీ ఇంటి లెక్క చూద్దాం. టీవీ నుంచి పొయ్యి గట్టు దాకా 8 మీటర్లు అన్నారు. ధ్వని మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు, కాబట్టి హాలు సౌండు అక్కడికి 23 మిల్లీసెకన్లలో చేరుతుంది. వంటింటి సీలింగ్ స్పీకర్ చెవికి 2 మీటర్ల దూరం, అంటే 6. వైరు ద్వారా నేరుగా ఇస్తే 23కీ 6కీ తేడా 17 మాత్రమే, చెవి కలిపేసుకుంటుంది, పైగా మాట ఇంకా స్పష్టంగా ఉంటుంది. వైఫై ఆంప్ ద్వారా ఇస్తే 75 ప్లస్ 6, మొత్తం 81. అందులోంచి 23 తీసేస్తే 58. విడిపోయింది. మీ ఆంప్ ఆలస్యం 75 కంటే ఎక్కువైతే ఇంకా ఘోరం.

కాబట్టి ఇంటిని రెండుగా విడదీయండి. టీవీ కనిపించే చోట్లు, కనిపించకపోయినా హాలు సౌండు నేరుగా చెవిన పడే చోట్లు ఒక జట్టు. మీ ఇంట్లో అవి హాలు, వంటిల్లు, సిటౌట్. సిటౌట్ నుంచి బొమ్మ కనిపించదు గానీ మ్యాచ్ రోజు ఆ తలుపు మూస్తారా ఎవరైనా? ఈ జట్టుకి రాగి తీగ తప్ప మరోటి వద్దు, నెట్‌వర్క్ మాటే ఎత్తొద్దు. నాన్నగారి గది, టెర్రస్ రెండో జట్టు. అక్కడ బొమ్మ లేదు, హాలు సౌండు చేరదు. 75 అయినా 750 అయినా వాళ్లకి తేడా తెలియదు. ఆ రెండూ వైఫైలోనే ఉండనివ్వండి.

ఇక టీవీ నుంచి సౌండు బయటికి ఎలా తీయాలి. హెడ్‌ఫోన్ సాకెట్ మానేయండి. చాలా టీవీల్లో అక్కడ పిన్ను పెట్టగానే టీవీ స్పీకర్లు మూగబోతాయి, రిమోట్‌తో వాల్యూమ్ తగ్గిస్తే ఇల్లంతా తగ్గుతుంది, పైగా 14 మీటర్ల సన్నని అనలాగ్ వైరు దారిలో ఉన్న ప్రతి మోతనీ ఏరుకుంటూ వస్తుంది. రెండో దారి హెచ్‌డీఎంఐ ఆర్క్, అంటే టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ తీగ మీదే బయటికి పంపే పద్ధతి. ఇది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. టీవీ పక్కనే సౌండ్‌బార్ పెట్టుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు, ఒకే రిమోట్‌తో అన్నీ నడుస్తాయి. కానీ 14 మీటర్ల అవతల మెట్ల కింద పెట్టెకి ఆర్క్ లాగడమంటే ఆ పొడవుకి ఆర్క్ పనిచేసే కేబులో ఎక్స్‌టెండరో వెతుక్కోవాలి. తర్వాత ఏ రోజు ఏ పెట్టె ఏ పెట్టెని నిద్ర లేపుతుందో దేవుడికే తెలియాలి. అర్ధరాత్రి కరెంటు పోయి రాగానే టీవీ దానంతటదే వెలిగిన ఇళ్లు నాకు తెలుసు. మీ పనికి ఆప్టికల్ చాలు.

ఆప్టికల్ అంటే టోస్‌లింక్. తోషిబా వాళ్లు 1983లో తెచ్చారు, ఇప్పటికీ చాలా టీవీల వెనక ఆ చిన్న చదరపు మూత ఉంటుంది. పిన్ను తీసి చూస్తే ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. అది కనిపిస్తే టీవీ వైపు పని జరుగుతున్నట్టే. ఇందులో కరెంటు ప్రవహించదు, వెలుతురే. అందుకని మీ మోతకి ఇదే మందు. ఎలాగో కింద చెబుతాను.

ముందు ఒక సెట్టింగ్ మార్చాలి, డబ్బు ఖర్చు లేని పని. టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనే చోట 'ఆటో' అనో 'పాస్‌త్రూ' అనో ఉంటుంది. దాన్ని పీసీఎం, అంటే కుదించని మామూలు డిజిటల్ సౌండు, చేయండి. ఆటోలో ఉంటే మామూలు ఛానల్ వచ్చినప్పుడు పీసీఎం, 5.1 ఉన్న సినిమానో ఓటీటీ సిరీసో వచ్చినప్పుడు కుదించి కట్టిన డాల్బీ పంపుతుంది. మీరు కొనబోయే చవక డీఏసీకి, అంటే డిజిటల్ సౌండుని అనలాగ్‌గా మార్చే చిన్న డబ్బాకి, డాల్బీ చదవడం రాదు. అది వచ్చిన క్షణం నోరు మూసుకుంటుంది, లేదా వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చర్రుమంటుంది. "వార్తల్లో సౌండు వస్తుంది సార్, సినిమా పెడితే రాదు" అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. అర నిమిషం పని. దానికోసం కోరమంగళ నుంచి కెంగేరి దాకా స్కూటర్ మీద వెళ్లి, కాఫీ తాగి వచ్చాను ఒకసారి.

ఇప్పుడు దూరం. ప్లాస్టిక్ ఆప్టికల్ తీగ 5 మీటర్ల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది, 10 కూడా లాగొచ్చు, 14 మాత్రం జూదం. పైగా కండ్యూట్‌లో, అంటే గోడలోని పైపులో, వంపు దగ్గర నలిగితే అంతే సంగతులు. మీ ఫోటోలో టీవీ వెనక రెండు ఆర్‌జీ6 కేబుళ్లున్నాయి. ఒకటి డీటీహెచ్‌ది. రెండోది కేబుల్ టీవీ కోసం వేసి ఎవరూ వాడకుండా మెట్ల కింద జంక్షన్ బాక్సులో తేలింది. మీ ఎలక్ట్రీషియన్‌కి దండం పెట్టుకోండి, అది బంగారం. ఆర్‌జీ6 అంటే 75 ఓమ్‌ల కేబుల్. కోయాక్సియల్ డిజిటల్ ఆడియోకి, అంటే రాగి కేబుల్ మీద వెళ్లే డిజిటల్ సౌండుకి, కావలసింది కూడా సరిగ్గా 75 ఓమ్‌లే. 14 మీటర్లు దానికి లెక్కే కాదు.

అమరిక ఇలా. టీవీ ఆప్టికల్ నుంచి మీటరున్నర ఆప్టికల్ తీగ, దాని చివర ఆప్టికల్ నుంచి కోయాక్సియల్‌కి మార్చే అగ్గిపెట్టెంత కన్వర్టర్, అక్కడి నుంచి ఆర్‌జీ6, మెట్ల కింద డీఏసీ, దాన్నుంచి ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు. కేబుల్ రెండు చివరలూ స్ప్లిటర్ నుంచి విప్పేశారో లేదో చూసుకోండి. చివరలకి ఆర్‌జీ6కి సరిపోయే క్రింప్ ఆర్‌సీఏ పిన్నులు కావాలి. ఎస్పీ రోడ్డులో సీసీటీవీ సామాను అమ్మే షాపుల్లో అడగండి, ఆడియో షాపుల్లో అడిగితే బంగారు పూత అంటూ అయిదింతలు చెబుతారు.

ఒక మెలిక ఉంది, ఇది పుస్తకాల్లో కనపడలేదు నాకు, పని మీదే నేర్చుకున్నాను. ఆ కన్వర్టర్‌కి 5 వోల్టుల కరెంటు కావాలి. పక్కనే టీవీ యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, అందరూ అందులోనే గుచ్చుతారు. నేనూ గుచ్చాను. మోత పోలేదు. ఆప్టికల్ పెట్టింది టీవీ గ్రౌండుని ఆంప్ గ్రౌండు నుంచి విడదీయడానికి. యూఎస్‌బీ వైరులో ఉన్న నెగటివ్ తీగ ఆ రెంటినీ మళ్లీ కలిపేస్తుంది. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టు. రెండు పిన్నుల మామూలు ఫోన్ చార్జర్‌తో దానికి విడిగా కరెంటు ఇవ్వండి. రోజంతా ఆన్‌లో ఉన్నా అది తినేది ఏమీ లేదు.

మోత అసలెందుకొస్తోందో కూడా చెబుతాను, ఎందుకంటే దీనికి మీ వీధిలో ఎవరో ఒకరు ప్రమాదకరమైన సలహా ఇస్తారు. మీ డిష్ టెర్రస్ మీద ఇనుప స్టాండుకి బిగించి ఉంది. దాని కేబుల్ పైపొర డీటీహెచ్ బాక్సు ద్వారా టీవీ గ్రౌండుకి కలుస్తుంది. మెట్ల కింద ఆంప్‌లు ఇంటి ఎర్తింగ్‌కి కలుస్తాయి. ఈ రెండు గ్రౌండుల మధ్యా చిన్న వోల్టేజీ తేడా ఉంటుంది. రెంటినీ ఆడియో వైరు కలపగానే ఆ తేడా దాని మీదుగా పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50 లోనో, దాని రెట్టింపు 100 లోనో ఆ బుర్రుమనే మోత. ఇదేనా కాదా తేల్చుకోవడానికి, ఇప్పుడున్న హెడ్‌ఫోన్ వైరు అలాగే ఉంచి డీటీహెచ్ బాక్సు వెనక డిష్ కేబుల్ మర విప్పి తీయండి. మోత ఠక్కున ఆగితే నేను చెప్పిందే. ఆగకపోతే టీవీకి వెళ్లే మిగతా వైర్లు ఒక్కొక్కటే విప్పి చూడండి. ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందని చెప్పేవాళ్లుంటారు. నిజమే, పోతుంది. ఆంప్ లోపల ఏదైనా తెగి బాడీకి తగిలిన రోజు మనిషీ పోతాడు. ఆ పిన్ను జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

ఇన్వర్టర్ సంగతి మీరు రాయలేదు గానీ బెంగళూరు కాబట్టి అడుగుతున్నాను. కరెంటు పోయినప్పుడు మాత్రమే వచ్చే మోత వేరే జాతి, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పుణ్యం. దానికి నేను చెప్పిన మందు పనిచేయదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి. టీవీ ఇన్వర్టర్ లైను మీదా మెట్ల కింద ర్యాక్ మామూలు లైను మీదా ఉంటే, కరెంటు పోగానే బొమ్మ ఉండి సౌండు ఉండదు. రెండూ ఒకే లైను మీద పెట్టించండి.

ఆంప్‌ల విషయానికొస్తే, మొదటి జట్టుకి వైఫై ఆంప్‌లు తీసేసి వాటి స్థానంలో ఒక ఆరు ఛానళ్ల పవర్ ఆంప్ పెట్టండి. ఇలాంటివాటిని డిస్ట్రిబ్యూషన్ ఆంప్‌లు అంటారు. హాలుకి రెండు, వంటింటికి రెండు, సిటౌట్‌కి రెండు ఛానళ్లు. చాలావాటికి వెనక ఉమ్మడి ఇన్‌పుట్లు రెండు ఉంటాయి. ఒకదానికి డీఏసీ నుంచి టీవీ సౌండు, రెండోదానికి మీ పాత వైఫై ఆంప్‌ల్లో లైన్ అవుట్, అంటే సౌండు బయటికిచ్చే సాకెట్, ఉన్నదాన్నుంచి పాటలు. ఒక్కో ఛానల్‌కి విడి లెవెల్ మర ఉండేది తీసుకోండి. వంటింట్లో చిమ్నీ, మిక్సీ హోరులో వినపడాలంటే హాలుకంటే కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి. పొయ్యి పక్క గోడకి ఒక వాల్యూమ్ గుబ్బ కూడా పెట్టించండి. చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు ఫోన్ తెరిచి యాప్‌లో జోన్ వెతకమంటే అత్తగారు సీరియల్ మానేస్తారు గానీ ఆ పని చేయరు. యాప్ లేకుండా ఆగే, మోగే దారి ప్రతి గదిలో ఒకటి ఉండాలని నేను ఇప్పుడు పని ఒప్పుకునేటప్పుడే చెబుతున్నాను.

డబ్బు మిగులుతుందని ఉన్న స్టీరియో ఆంప్‌కే మూడు గదుల స్పీకర్లూ ముడేస్తే ఏమవుతుందని మీ బావమరిది అడిగారట. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు జతలు కలిపితే ఆంప్‌కి కనిపించేది 4 ఓమ్‌లు, చాలా ఆంప్‌లు అంతవరకు ఓర్చుకుంటాయి. మూడో జత కలిపితే 2.7. మ్యాచ్ చివరి ఓవర్లో వాల్యూమ్ పెంచినప్పుడు ఆంప్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. పెళ్లి మండపాల్లో, గుళ్లలో వాడే 100 వోల్టుల లైను పద్ధతిలో ఎన్ని స్పీకర్లయినా వరసగా కట్టొచ్చు గదా అంటారేమో. కట్టొచ్చు. కానీ అక్కడ ప్రతి స్పీకర్‌కీ వెనక ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, మీ సీలింగ్ స్పీకర్లకి లేదు. ఆ లైనుకి 8 ఓమ్‌ల స్పీకర్ నేరుగా కలిపి పూర్తి సౌండు పెడితే లెక్క ప్రకారం 1250 వాట్లు లాగబోతుంది. లాగనక్కర్లేదు, అంతకుముందే కాయిల్ బూడిద.

స్పీకర్ వైరు మందం అడిగారు. సిటౌట్‌కి 20 మీటర్లు అన్నారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పోయి రావడానికి 40 మీటర్లు, దాదాపు 0.46 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అయిదు శాతం లోపు, అంటే 0.4 లోపు ఉంటే మంచిదని మేం చూసుకుంటాం. కొంచెం దాటింది. 2.5 వేసి ఉంటే బాగుండేది గానీ దీనికోసం గోడ పగలగొట్టకండి, తేడా చెవికి తెలియదు.

హాలు గురించి ఒక మాట, ఇది నా అభిరుచి అనుకోండి. టీవీ సౌండు సీలింగ్ స్పీకర్లలోంచి వింటే నాకు నచ్చదు. పెదాలు గోడ మీద కదులుతుంటే గొంతు నెత్తి మీంచి వస్తుంది. పౌరాణికమైతే ఆకాశవాణి అని సరిపెట్టుకోవచ్చు, వార్తలకి ఏం చెబుతాం? హాల్లో ఉన్న రెండు ఛానళ్లూ టీవీకి అటూ ఇటూ రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి ఇవ్వండి. అలా చేస్తే హాలు వైఫై ఆంప్ ఒక్కటి తీసేయకుండా, సీలింగ్ స్పీకర్లు పాటలకి దాని మీదే ఉంచండి. సౌండ్‌బార్ కొంటానంటారా, కొనొచ్చు, కానీ దాని లోపలి ప్రాసెసింగ్ వల్ల వచ్చే ఆలస్యం వేరు, వంటింటి వైరు ఆలస్యం వేరు. మళ్లీ రెండు గొంతులు వినిపించే ప్రమాదం ఉంది. పైగా కొన్ని టీవీల్లో ఆర్క్ పెట్టగానే ఆప్టికల్ ఆగిపోతుంది. కొనే ముందు మీ టీవీలో రెండూ ఒకేసారి వస్తాయో లేదో పరీక్షించుకోండి.

వంటింట్లో రెండు స్పీకర్లు ఎదురెదురు మూలల్లో ఉన్నాయి కదా. సింక్ దగ్గర నిలబడ్డవారికి కుడి ఛానల్ మాత్రమే వినపడుతుంది, సినిమాలో సగం పోతుంది. ఆంప్‌లో ఆ జోన్‌కి మోనో స్విచ్ ఉంటే నొక్కండి. లేకపోతే ఎడమ, కుడి లైన్లు కలపాలి. అయితే రెండు పిన్నులూ వై-కేబుల్‌తో నేరుగా ముడేయకండి, డీఏసీ అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కో దానికీ 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి కలపాలి. ఈ మాత్రం సోల్డరింగ్ ఎస్పీ రోడ్డులో ఏ రిపేరు కుర్రాడైనా టీ తాగేలోపు చేసిస్తాడు.

రెండో జట్టుకి డీఏసీ నుంచే ఇంకో జత పిన్నులు చీల్చి నాన్నగారి గది వైఫై ఆంప్ ఆక్స్‌లో పెట్టండి, టెర్రస్‌ని దాంతో గ్రూప్ చేయండి. ఈ రెంటికీ వీలైతే లాన్ కేబుల్ ఇవ్వండి, వైఫై కాంక్రీటు స్లాబు దాటి వెళ్లే అవసరం తప్పుతుంది. నాన్నగారు తెల్లవారుజామున శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ వింటారని, దానికోసం కిందకి దిగి హాల్లో టీవీ వేస్తున్నారని రాశారు. ఆయనకి కావలసింది బొమ్మ కాదు. అంత పెద్ద టీవీ, డీటీహెచ్ బాక్సు, ఆరు ఛానళ్ల ఆంప్ అన్నీ ఆయన సుప్రభాతం కోసం నిద్ర లేవక్కర్లేదు. మీ వైఫై ఆంప్ మీద ప్రీసెట్ బటన్లుంటే ఒకదానికి ఆయన వినే భక్తి సంగీతం పెట్టి, దాని మీద స్టిక్కరు అంటించి, "నాన్నా, ఇది నొక్కండి" అని ఒకసారి చూపించండి. చాలు. ఆ వయసులో పొద్దున్నే మెట్లు దిగడం కూడా తప్పుతుంది.

అంతా అయ్యాక పరీక్ష ఎలా చేయాలంటే, సినిమా పెట్టుకోకండి. డబ్బింగ్‌లో పెదాలు మొదటే కలవవు, మీ వైరింగ్‌ని అనవసరంగా తిట్టుకుంటారు. స్టూడియోలో కూర్చుని తెలుగులో వార్తలు చదివే మనిషిని పెట్టండి. ప, బ, మ అక్షరాలు చూడండి. బళ్లో ఓష్ఠ్యాలని చెప్పారు కదా, పెదాలు మూయకుండా అవి పలకడం ఎవరికీ సాధ్యం కాదు. 'ప్రభుత్వం', 'మంత్రి', 'బంద్' ఈ మాటలు లేకుండా మన వార్తలు గడవవు. పెదాలు విడిపడిన క్షణమే మాట వినపడాలి. ఇంకా అనుమానముంటే ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో టీవీని తీసి ఆడించి చూడండి, ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. తర్వాత పొయ్యి దగ్గర నిలబడి కళ్లు మూసుకుని వినండి. రెండు గొంతులు వినిపిస్తే ఇంకా ఏదో ఒక గది నెట్‌వర్క్ మీదుగా వెళ్తోందని అర్థం.

ఈ ఆదివారం పైసా ఖర్చు లేని రెండు పనులు చేయండి: టీవీలో పీసీఎం మార్చడం, డిష్ కేబుల్ విప్పి మోత ఆగుతుందో లేదో చూడటం. ఆ ఫలితంతో పాటు మెట్ల కింద ర్యాక్ వెనక వైపు ఫోటో ఒకటి, మీ వైఫై ఆంప్‌ల మోడల్ నంబర్లు పెట్టండి. వాటిలో లైన్ అవుట్ దేనికుందో చూసి, ఏది ఉంచుకోవాలో ఏవి అమ్మేయొచ్చో చెబుతాను.